ఊతపదం - ఊచకోత

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువల్లో పడేశారు. ఈ రెండు ఘటనలను చెప్పడానికి తెలుగులో మనకు దొరికిన మాట ఊచకోత. ఇవాళ ఒక క్రికెట్ ఆటగాడు వరుసగా సిక్సర్లు కొడితే ఊచకోత. ఒక సినిమాకు మొదటిరోజు వసూళ్లు బాగా వస్తే బాక్సాఫీసు ఊచకోత. ఇంటర్నెట్టు బృందాలలో ఈ మాట ఇప్పుడు మెచ్చుకోలు. ‘అరాచకం’ పరిస్థితీ ఇంతే.

దీన్ని కుర్రవాళ్ల సరదా అని కొట్టిపారేసేవారున్నారు. గిడుగు రామమూర్తి పోరాడింది జనం నోటి మాట కోసమే కదా, కొత్త మాటలను కాదనడం మళ్లీ గ్రాంథికవాదమే కదా అని అడిగేవారూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కొత్త మాట పుట్టడం నేరం కాదు. 1897లో మొదటి కూర్పుగా, 1909లో తిరగరాసిన కూర్పుగా వచ్చిన ‘కన్యాశుల్కం’ నిండా వీధి మాటలే, గిరీశం ఇంగ్లీషు ముక్కలే. అయితే గురజాడ వాటిని గిరీశం నోట పెట్టింది ఆ మనిషి బోలుతనాన్ని మనకు పట్టి ఇవ్వడానికి. గిరీశం ఊతపదాలు నాటకంలో విమర్శకు గురవుతాయి. మన ఊతపదాలు చప్పట్లు కొట్టించుకుంటున్నాయి.

పొలంలోనో మగ్గం దగ్గరో పుట్టిన సామెత ఒక అనుభవాన్ని కుదించి దాచుకుంటుంది. ఊతపదం అనుభవం స్థానంలో తానే కూర్చుంటుంది. ఒక కథ చదివి ‘వేరే లెవెల్’ అన్నవాడు ఏ స్థాయికి వేరో, ఎందువల్ల వేరో చెప్పడు. విమర్శ మొదలుకావలసిన చోటనే ముగిసిపోతోంది.

‘మాస్’ అన్న మాట చూడండి. ఉద్యమాలలో దానికి ప్రజాసమూహమని అర్థం. మాస్ లైన్, మాస్ ఆర్గనైజేషన్ అన్నాం. సినిమా వ్యాపారం దానిని కథానాయకుడి మీసం మెలివేతగా మార్చింది. ఇంటర్నెట్టు దాన్ని ‘ఊరమాస్’ చేసి వాడవాడలా పంచింది. క్లాస్ సినిమా, మాస్ సినిమా అని రోజూ వాదించుకునేవారి మాటలలో వర్గమూ లేదు, ప్రజలూ లేరు.

ఈ జబ్బు తెలుగుకే పరిమితం కాదు. ‘వోక్’ అన్న మాట అమెరికాలో నల్లజాతి ప్రజల నోట పుట్టింది. 1931లో అలబామాలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాళ్లపై అత్యాచారమని అబద్ధపు నేరం మోపారు. ఆ స్కాట్స్‌బరో కేసు మీద పాట పాడిన లెడ్ బెల్లీ 1938 నాటి రికార్డులో తనవాళ్లను మెలకువగా ఉండమని ఈ మాటతోనే హెచ్చరించాడు. ప్రాణాలు కాపాడుకోవడానికి చెప్పుకున్న మాట అది. 2014 ఫెర్గూసన్ నిరసనల తర్వాత అది ఇంటర్నెట్టు అంతటా పాకింది, అరిగింది, వెక్కిరింతగా మారింది. 2022లో ఫ్లోరిడా పాలకులు జాతివివక్ష గురించిన బోధనపై ఆంక్షలు పెట్టే చట్టాన్ని ఆ మాట పేరుతోనే ప్రచారం చేసుకున్నారు. పీడితుల మాట ముందు ఫ్యాషనయింది, తర్వాత వారి మీదికే ఆయుధంగా తిరిగింది.

దీనికి భౌతిక పునాది ఉంది. ఈ వేదికలను నడిపే కంపెనీల ఆదాయం ప్రధానంగా ప్రకటనల నుంచి వస్తుంది. ప్రకటన అమ్ముడుపోవాలంటే మనిషి అక్కడే కూర్చోవాలి, వెంటవెంటనే స్పందించాలి. ఆలోచించి రాసిన పేరాకు స్పందన ఆలస్యంగా వస్తుంది. అందరికీ తెలిసిన ముక్కకు క్షణంలో వస్తుంది. ఎక్కువ స్పందన వచ్చినదానినే యంత్రం ఎక్కువమందికి చూపిస్తుంది. మాట సరుకైంది. ఆ సరుకును కూలి లేకుండా ఉత్పత్తి చేస్తున్నది మనమే. ఒంటరి యువకుడికి ఆ ముక్క ఒక గుంపులో సభ్యత్వం ఇస్తుంది. ఆ అవసరాన్ని మనం వెక్కిరించకూడదు, అర్థం చేసుకోవాలి.

ఈ విమర్శ మనకూ వర్తిస్తుంది. 1950లో ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చిన తర్వాత శ్రీశ్రీ మాటలను ఎంతమంది కవులు అరగదీశారు! ఉదయించే సూర్యుడు, బిగిసిన పిడికిలి, నెత్తుటి మడుగు - వీటిని వరసగా పేర్చి కవిత అన్నాం. కవి చూడనిదాన్ని ఆ పదాలు చూసినట్టు నటించాయి. అదీ ఊతపదమే. అచ్చులో మనం చేసిన తప్పునే ఇంటర్నెట్టు ఇవాళ ఎన్నో రెట్ల వేగంతో చేస్తోంది.

కాబట్టి నిషేధాలు వద్దు, పండితుల పహరా వద్దు. రచయిత తన వాక్యంలోని ప్రతి మాటనూ, ఇది నేను చూసి రాసిందా, చేతికి అందింది కాబట్టి వాడిందా అని అడగాలి. సాహిత్య విద్యార్థి ‘వేరే లెవెల్’ అన్నచోట ఆగి, ఎందుకో మరో నాలుగు వాక్యాలు రాయాలి. కారంచేడు మాదిగపల్లె గురించి ఇంకా రాయవలసింది ఉంది. అది రాయడానికి కూర్చున్నవాడికి ఊచకోత అన్న మాట తన పూర్తి బరువుతో దొరకాలి.