విశ్వాస శబ్దార్థ విమర్శనము

క్రైస్తవ గ్రంథములలోని తెనుఁగును “మిషను తెనుఁగు” అని మన పండితులు త్రోసివేయుట కలదు. అందు సంధిలోపములును విదేశ వాక్యరీతులును లేవని నేననను. కాని పరిభాషాపదములనైన విమర్శింపక భాషనంతయు నిరసించుట న్యాయము కాదు. అందు ముఖ్యమగు విశ్వాస శబ్దమును మాత్ర మిచటఁ బరిశీలించెదను.

వి పూర్వకమగు శ్వస ధాతువుపై ఘఞ్ ప్రత్యయము రాఁగా విశ్వాస శబ్దము సిద్ధించును. ధాతువునకుఁ బ్రాణన మర్థము. శంక లేక ఊపిరి పీల్చుటయే విశ్వాసమని భావింపవచ్చును. తెనుఁగున నీ శబ్దమునకు వేఱొక యర్థము రూఢమైనది. “ఉప్పు తిన్న విశ్వాసము” అనునపుడు అది కృతజ్ఞత, స్వామిభక్తి. పల్లెలలోని క్రైస్తవుల మతము ఈ రెండవ విధమగు విశ్వాసమే యనియు, అన్నము పెట్టినవారియెడ విధేయతయే యనియు నొక యాక్షేపము కలదు. ఇది కేవల శబ్దవిచారము కాదు; మన బడులలోఁ జదువు బాలుర గౌరవమునకు సంబంధించినది.

పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, ఆతని విశ్వాసము మొదట అవ్వయగు లోయియందును తల్లియగు యునీకేయందును ఉండెనని యున్నది. కాఁబట్టి బాల్యమున విశ్వాసము ఇంటి సొత్తు. తల్లి నమ్మినదానిని బాలుఁడు నమ్మును. హెబ్రీయుల పత్రికయందు పాలు శిశువులకు, బలమైన యాహారము పెద్దలకు అని విభాగము చేయఁబడినది. పాలు త్రాగుట నింద్యము కాదు. పాలయందే నిలిచిపోవుట నింద్యము.

ఈ వృద్ధికి నిదర్శనము మా కురవికి సమీపమునఁ గల డోర్నకల్లునందే యున్నది. వేదనాయగము శామ్యూల్ అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి సీమలో నొక గ్రామగురువునకు జన్మించిరి. వారి మతము పితృదత్తము. 1903లో ఆ సీమ క్రైస్తవులు స్వదేశీయ మిషనరీ సంఘమును స్థాపించుటకు వారు ముఖ్యకారకులు. తమిళులయ్యుఁ దెనుఁగు నేర్చి, 1909లో డోర్నకల్లు చేరిరి. 1910లో ఎడింబరో మహాసభయందుఁ బాశ్చాత్యుల త్యాగమును మెచ్చుచునే, తమకు స్నేహితులును కావలెనని యడిగిరి. ఉప్పు తిన్న విశ్వాసము మాత్రమే గలవాఁడు దాతను స్నేహ మడుగఁజాలఁడు. 1912లో వారు ఆంగ్లికను సంఘమునఁ దొలి భారతీయ బిషప్పులైరి. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలపై నుంచుకొని, సువార్త చాటకున్నఁ దమకే యనర్థమని ఉత్తమపురుషలోఁ బలుకునట్లు చేసెడివారు. పరులు నేర్పిన వాక్యమే యైనను, దాని భారము పలికినవానిదే.

“విశ్వాసములో ఎదుగుట” యను క్రైస్తవ ప్రయోగమున, ఎదుగునది మనుష్యుఁడా విశ్వాసమా యను శంక పుట్టును. తెనుఁగు ధాతువులే సమాధానము చెప్పుచున్నవి. వండెను, వండుకొనెను అను చోట్లఁ గొను ధాతువు చేరఁగా క్రియాఫలము కర్తకుఁ జెందును. అట్లే నమ్ముట వేఱు, నమ్ముకొనుట వేఱు. రైతు భూమిని నమ్ముకొనును. అందు దాస్యము లేదు. బాలుఁడు నమ్మును, ఎదిగినవాఁడు నమ్ముకొనును. కర్త యెదుగఁగా క్రియకు ఆత్మార్థము కలిగినది. క్రైస్తవ రచయితలు ఈ దేశీయ క్రియను విరివిగా వాడినచో వారి భాషకుఁ బుష్టి కలుగును. ఉపాధ్యాయులు ఈ భేదము నెఱిఁగినచో, తమ యెదుటఁ గూర్చున్న బాలుని విశ్వాసమును ఉప్పుతోఁ దూఁచరు.