వెనక సీటు విద్య

బండి నడపడం నేర్పమంటే ఊరంతా గురువులే. వెనక కూర్చోవడం మాత్రం ఎవరూ నేర్పరు. మా అక్క కూతురు ఇంజనీరింగ్‌లో చేరిన దగ్గర్నుంచీ నా బుర్రలో ఇదే తిరుగుతోంది. దానికి బండి లేదు, కొనేది లేదని వాళ్ల నాన్న తెగేసి చెప్పాడు. అయితేనేం, బండ్లున్న స్నేహితులు బోలెడుమంది.

2022లో హెల్మెట్ పెట్టుకోక దేశంలో 50,029 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో 14,337 మంది నడిపినవాళ్లు కారు, వెనక కూర్చున్నవాళ్లు. ప్రమాదం అనగానే మనం నడిపినవాడి వేగం, వాడు తాగాడా లేదా, వాడి వయసెంత అని ఆరా తీస్తాం. వెనకున్నవాళ్లు వార్త చివర్లో 'మరో ఇద్దరు' అవుతారు.

నిజానికి ఇరవై ఏళ్ల కుర్రాడు ఒంటరిగా ఉన్నప్పుడు ఒక మనిషి, వెనక నుంచి "రైజ్ చెయ్ మావా" అని వినబడితే ఇంకో మనిషి. బండి కూడా మారిపోతుంది. బరువు వెనక్కి పోయి ముందు చక్రం తేలికవుతుంది. మలుపులో వెనకవాడు బెదిరి అవతలికి ఒరిగితే బండి చెప్పిన మాట వినదు. మూడోవాడు కూడా ఎక్కాడా, నడిపేవాడు పెట్రోల్ ట్యాంకు మీదికి జరుగుతాడు, కాలికి బ్రేకు సరిగా అందదు. ఆ స్థితిలో ఎనభై మీద పోతుంటారు. నలభైలో బ్రేకు వేసిన చోటి నుంచి ఆగడానికి పట్టే దూరానికి ఎనభైలో పట్టేది నాలుగింతలు.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంవాళ్లు ఈ కిటుకు పట్టుకున్నారు. కొత్తగా లైసెన్సు తీసుకున్న కుర్రకారు మొదటి ఏడాది కారుకి ఎర్ర 'పీ' పలక తగిలించాలి. పదహారు దాటి ఇరవై రెండు నిండని స్నేహితుల్ని ఒకరికి మించి ఎక్కించుకోకూడదు. తోబుట్టువులైతే ఫరవాలేదు. మెల్‌బోర్న్‌లో పిల్లలు ఎదుగుతున్న మన ఇళ్లలో ఆ పలక అందరికీ తెలుసు. మన దగ్గర మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ కఠినమైనదే. మైనర్ బండి నడిపి ఆ చట్టం మీరితే తండ్రికో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. కానీ పద్దెనిమిది దాటి లైసెన్సు చేతికొచ్చిందంటే, వాడూ పాతికేళ్లుగా నడుపుతున్న వాళ్ల బాబాయీ చట్టానికి ఒకటే.

చట్టం వచ్చేదాకా ఆగలేక నా పాఠం నేను మొదలెట్టాను. హెల్మెట్ నీదే ఉండాలి, క్లిప్ టక్కుమనాలి. నడిపేవాడి నడుమో, సీటు పక్క కడ్డీయో పట్టుకో, ఫోన్ కాదు. మలుపులో వాడి భుజం ఎటు ఒరిగితే నువ్వూ అటే. ఇవన్నీ ఒక పూటలో వచ్చేశాయి. అసలు కష్టం "ఆపు, దిగిపోతా" అనడం.

"నవ్వుతారు మావయ్యా, పిరికిదంటారు," అంది.

నిజమే, అంటారు. ఆ వయసులో పరువు ప్రాణం కంటే బరువు. అందుకే అబద్ధం నేర్పాను (వాళ్లమ్మకి ఇది నచ్చలేదు). "కడుపులో తిప్పుతోంది, పక్కన ఆపు" అను. వాంతి అంటే ఎంత హీరో అయినా చచ్చినట్టు ఆపుతాడు, కొత్త జాకెట్ కదా. దిగాక ఇంటికి ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఎవరో ఒకరం వస్తాం, ఎవరితో వెళ్లావు, ఎందుకెళ్లావు అనే పంచాయితీ మర్నాడు పెట్టుకుందాం. ఈ మర్నాటి షరతుకి మా బావని ఒప్పించడానికే ఎక్కువ రోజులు పట్టింది.

మొన్న మా వీధి డ్రైవింగ్ స్కూలాయనతో అన్నాను, లైసెన్సు పరీక్షలో కుర్రాడొక్కడి చేతే ఎనిమిది వేయిస్తారేంటండీ, వెనక వాడి ఫ్రెండ్‌ని ఎక్కించి ఇద్దరికీ మార్కులు వెయ్యొచ్చుగా అని.

"అలాగైతే సగంమంది ఫెయిలే సార్. మా బోర్డు పీకేసుకోవాలి," అన్నాడాయన.