మఱుఁగుపడిన పాటలు: ఒక కర్తృత్వవిచారము

గడచిన ధనుర్మాసమున నొకనాఁటి వేకువను మా పెద్దవూరలో నొక దేవాలయపు మైకునుండి "తెలవారదేమో స్వామీ" యను పాట వినవచ్చెను. పాట ముగిసినతోడనే, యది యన్నమాచార్యులవారి మేలుకొలుపు అని యొకరు ప్రకటించిరి. ఈ చిన్నవాక్యమునఁ దప్పులు రెండు గలవు. ఆ పాట యన్నమాచార్యునిది గాదు. అది మేలుకొలుపును గాదు. మొదటిది చరిత్రమునకు సంబంధించిన తప్పు. రెండవది యర్థమునకు సంబంధించినది. రెండింటికిని మూల మొక్కటియే: మన మీ పాటలను వినుచున్నాముగాని చదువుట లేదు.

అది 1987వ సంవత్సరమున వెలువడిన "శ్రుతిలయలు" అను చలనచిత్రమునందలి పాట. దాని కర్త చేంబోలు సీతారామశాస్త్రి (1955-2021). 1980 మొదలు 1990 వఱకుఁ గల దశాబ్దమున నీ కవి రచించిన పాటలలో మూఁడింటిని దీసికొని, మంచిపాట యెన్నివిధముల మఱుఁగుపడునో యీ వ్యాసమున విచారింపఁ దలఁచితిని. చలనచిత్రగీతములు సాహిత్యవిమర్శకుఁ దగినవేనా యని శంకించువారు గలరు. వారికి నా సమాధానము చివర మనవి చేసెదను.

మొదటివిధము, వాహనము నిలిచిపోవుట. సీతారామశాస్త్రి "భరణి" యను పేరఁ గవిత్వము వ్రాయుచుండిన కాలమున "గంగావతరణము" అను గేయమును రచించెను. దర్శకుఁడు కె. విశ్వనాథ్ దానిని 1984లో "జననీ జన్మభూమి" యను చిత్రమునఁ జేర్చుకొనెను. చలనచిత్రములందు శాస్త్రిగారి ప్రవేశ మిదియే. ఆ చిత్రమునకు జనాదరణ చాలినంత లభింపలేదు. చిత్రముతోఁ బాటయు మఱుఁగుపడెను. రెండేండ్ల తరువాత 1986లో "సిరివెన్నెల" చిత్రము వెలువడఁగా నా చిత్రనామమే కవికి బిరుదాయెను. లోకము కవిజన్మమును 1986నుండియే లెక్కించుచున్నది. మా బడిలోఁ బై తరగతులవారి నీవిషయమై ప్రశ్నించితిని. "విధాత తలపున" అను పాట నెఱుఁగనివారు మిక్కిలి తక్కువ; "గంగావతరణము" పేరైనను విన్నవాఁ డొక్కఁడును లేఁడు. ఆకాశమునుండి దిగివచ్చిన గంగ భర్తృహరి సుభాషితమున వివేకభ్రష్టుల పతనమునకు దృష్టాంతము. రామాయణ బాలకాండమున భగీరథుని తపస్సునకు ఫలము. దిగుట యొక్కటియే, ఫల మెవరి కందినదో దానిని బట్టి యది పతనమో యవతరణమో యగుచున్నది. పాటకును నిదియే న్యాయము.

రెండవవిధము, తోఁబుట్టువుల ప్రసిద్ధి. "సిరివెన్నెల" వెలువడినప్పుడు నేను మిర్యాలగూడలో విద్యార్థిగా నుంటిని. వీథిలోని హోటలున నా చిత్రపు క్యాసెట్టు నిత్యమును మ్రోఁగుచుండెడిది. అయినను మరల మరల త్రిప్పి వేయఁబడునది "విధాత తలపున" మాత్రమే. ఆ పాట యోగ్యత నేను గాదనను; 1986వ సంవత్సరపు నంది పురస్కార మా కవికిఁ దెచ్చిన దదియే. కాని యదే చిత్రమున "మెరిసే తారలదే రూపం" అను పాట యొకటి గలదు. దానిని హోటలువారు వేసినట్లు నాకు జ్ఞాపకము లేదు.

ఆ పాట పాడువాఁడు పుట్టుగ్రుడ్డి, వేణువాదకుఁడు. వాఁడు కొలుచు స్త్రీరూపము వాని కన్నుల కందనిది. ఇఁక నా తొలిమాటల సంధిని విచారింపుఁడు. "తారలదే" యనుచోట "తారలది" యనుదానిపై నేకారము వచ్చినది. ఏమ్యాదులలోని "అది" శబ్దమునకు సంధి వైకల్పికము, ఇచటఁ జేయఁబడినది. ఆ యేకార మవధారణార్థకమైనచో, రూపమనునది తారలకే కలదని యర్థము. ప్రశ్నార్థకమైనచోఁ దారల రూప మెట్టిదియని యర్థము. వ్రాఁతలోఁ బదములు విడఁదీసినయెడ నొకటియే నిలుచును. గానమున రెండును వినవచ్చును. కన్నులున్న శ్రోత మొదట నవధారణమునే గ్రహించును. ఆ రూపము తన కంటికి శూన్యమని గాయకుఁడు పలికినతోడనే యది ప్రశ్నగా మాఱును. ఒక్క సంధిచేతఁ జూపుగలవాఁడును జూపులేనివాఁడును నొకే మాటలో నిలుపఁబడిరి. ఇది కవి యెఱిఁగి చేసినదో కాదో మన కక్కఱలేదు. భాష యిచ్చిన దానిని గవి పోఁగొట్టలేదు, అంతియే చాలును. పిమ్మట "ప్రతిరూపము", "అపురూపము" అను మాటలు వచ్చును. రూపమును జూడలేనివాని నోట రూపశబ్దమే మాఱుమాఱు మ్రోఁగుట యీ పాటకుఁ బ్రాణము. "అపురూపము"న జెవికి రూపము వినవచ్చును. లోకవ్యవహారమున దాని యర్థము దుర్లభమనియే. కంటి కందనిది దుర్లభమే కదా!

అదే చిత్రమునందలి "ఆదిభిక్షువు" పాట వ్యాజస్తుతికిఁ జక్కని లక్ష్యము. అలంకారపాఠము చెప్పువారు దానిని లక్ష్యముగాఁ జూపవచ్చును. ఇచట విస్తరింపను.

మూఁడవవిధము మిక్కిలి విచిత్రమైనది. ఇందుఁ బాట బ్రతికినది, కర్త మఱుఁగుపడెను. "తెలవారదేమో స్వామీ" పాటకు 1987వ సంవత్సరపు నంది పురస్కారము సీతారామశాస్త్రికి లభించినది. కాఁబట్టి కర్తృత్వమున సందేహమునకుఁ దావు లేదు. అయినను మా ప్రాంతమున నది యన్నమయ్య పదముగాఁ బాడఁబడుచున్నది. ఈ భ్రాంతికిఁ గారణము లేమి?

భర్తృహరి వాక్యపదీయమున ననేకార్థకశబ్దమున కర్థము నిర్ణయించు హేతువులలో సంయోగవిప్రయోగముల తరువాత సాహచర్యమును బేర్కొనెను. ఇచట భ్రాంతికి హేతువు సాహచర్యమే. "శ్రుతిలయలు"లోనే యన్నమాచార్యుని "ఇన్ని రాశుల యునికి" సంకీర్తనమును, నారాయణతీర్థుని "ఆలోకయే" తరంగమును గలవు. ప్రాచీనుల నడుమఁ గూర్చుండిన నవీనుఁడు ప్రాచీనుఁడుగా భావింపఁబడెను. దీనికి నాయికయు దోడ్పడినది: ఈ పాటలో నలమేలుమంగ పేరు కలదు. అన్నమయ్య శృంగారసంకీర్తనముల నాయిక యామెయే. భాషయు సహాయపడినది. దేవేరి, నెలఁత, చెంగట యను మాటలు నేఁటి వ్యవహారమున లేవు. వినఁగనే చెవి యైదువందలయేండ్లు వెనుకకుఁ బోవును.

అయినను బాధకప్రమాణము పాటలోనే కలదు. తాళ్లపాకవారి సంకీర్తనములలోఁ బ్రాయికముగా వేంకటేశముద్ర కానవచ్చును. అన్నమయ్య కుమారుఁడు పెదతిరుమలాచార్యుఁడును నీముద్రనే వాడెను గాన ముద్ర యున్నంతమాత్రమునఁ బాట యన్నమయ్యదని చెప్పరాదు. లేనిచో మాత్రము శంకింపవలెను. ఈ పాటలో నాముద్ర లేదు. ఉన్నది దేవి పేరు, స్వామియను సంబోధనము మాత్రమే. చరణములు రెండు, అన్నమయ్య పదములలోఁ దఱచుగా మూఁడుండును. కవి ప్రాచీనభాష ననుసరించెనుగాని ప్రాచీనుని సంతకము ననుకరింపలేదు. ఇది వాని నిజాయితీ. దానికి మనమిచ్చిన ప్రతిఫలము పేరు తీసివేయుట!

ఇఁక నర్థము. "తెలవారదు" అనుట వ్యతిరేకక్రియ. మన భాషలో వ్యతిరేకార్థకమునకుఁ గాలభేదము లేదు. కాఁబట్టి యది యిప్పుడు తెల్లవాఱుట లేదనియు, నిఁకముందు వాఱదనియు నొకేసారి చెప్పును. "ఏమో" యను సంశయ మీ రెంటినడుమ నిలుచును. ఎవరికిఁ దెల్లవాఱదు? అలమేలుమంగకు. ఆ షష్ఠి యీ పాటకు మూలకందము. లోకమునకుఁ దెల్లవాఱియుండవచ్చును, ఆమెకు మాత్రము లేదు. "అలసిన" యను విశేషణము పల్లవిలోఁ గలదు. చరణముల చివర మరల వచ్చును. మొదటిచరణమున నాయలఁతకుఁ గారణము విరహము, ప్రభువు చెంగట లేకుండుట, నిద్ర కఱవగుట. రెండవచరణమున సంభోగస్మృతి. మాట యొక్కటియే, హేతువులు రెండు. శృంగారమున విప్రలంభసంభోగములను రెంటిని నొక్క విశేషణముతోఁ గట్టిన కవిని లఘువుగాఁ జూడరాదు. "తెల్లవాఱు" అనవలసినచోట లకారద్విత్వము లోపించినదని యాక్షేపింతురేని, గేయమున నంతమాత్రము సహింపవచ్చును.

తిరుమలలో సుప్రభాతము పాడునపుడు లోకమంతయు మేల్కాంచినదని చెప్పి స్వామిని లేపుదురు. ఈ పాట దానికి సరిగా విపరీతము. ఇందు దేవి నిద్రింపనేలేదు. లేపవలసినవా రెవరును లేరు. రాత్రి తెల్లవాఱనిదానిని వేకువపాటగా నియోగించుట యర్థము నెఱుఁగమికి ఫలము. ఇది యేకాంతమునఁ బాడఁదగినది.

చలనచిత్రగీతము విమర్శార్హమా యను ప్రశ్నకు సమాధాన మన్నమయ్య చరిత్రమే చెప్పును. 1503లోఁ బరమపదించిన యా మహాకవి సంకీర్తనములు రాగిఱేకులపై నెక్కి తిరుమల సంకీర్తనభాండారమున శతాబ్దములపాటు మఱుఁగుపడియుండెను. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగువారు ప్రతి పదమునకుఁ బాఠము, రాగము, కర్త యనువానిని విచారించి వెలువరించిరి. తాళ్లపాక చిన్నన్న రచించిన "అన్నమాచార్య చరిత్రము" 1949లోఁ బ్రకటితమాయెను. పాటలకు నిట్టి పరిష్కర్తలు లేనిచో నేఁ డన్నమయ్య పేరైన మనకుఁ దెలియదు. ఆ పండితులు తిరిగి యిచ్చిన పేరునే మన మిప్పు డింకొకరి పాటపై నంటించుచున్నాము. దీనివలన నిద్దఱికి నన్యాయము: ఒకరికిఁ దనది కానిది కట్టఁబడుచున్నది, ఇంకొకరికిఁ దనది పోవుచున్నది. రాగిఱేకులవంటి యాధార మీ పాటలకు లేదు. క్యాసెట్టునాడలు చెడిపోయినవి, వానిపై నచ్చయిన పేరులును జెరిగిపోవుచున్నవి.

కాఁబట్టి పాఠశాలాపండితులకు నా మనవి యొక్కటి. సభలోఁ బిల్లలచేఁ బాట పాడించుటకు ముందు దాని కర్తను, చిత్రమును, సంవత్సరమును బలకపై వ్రాయింపుఁడు. పదవిభాగము చేయింపుఁడు. అన్వయము చెప్పింపుఁడు. రాఁబోవు ధనుర్మాసమున మా దేవాలయమునందును నీ పాట పాడఁబడవచ్చును. వేకువను గాక యేకాంతసేవలోఁ బాడుఁడనియు, ముందు కవి పేరు చెప్పుఁడనియు నర్చకస్వామికి విన్నవించుకొంటిని, వారంగీకరించిరి. ఇందు దోషములున్నచో విబుధులు సవరింతురుగాక.