కఠిన నిర్ణయములు: మెదడు, కుటుంబము, కాపరి – డమాసియో సిద్ధాంతముపై విమర్శ

ఆంటోనియో డమాసియో 1994లో ప్రచురించిన ‘డెకార్ట్స్ ఎర్రర్’ గ్రంథమును కాపరి పరిచర్య దృష్టితో పరిశీలిస్తున్నాము. మెదడు ముందుభాగములో గడ్డ తీయించుకొన్న ‘ఎలియట్’కు తెలివి, జ్ఞాపకశక్తి తగ్గలేదు. భావోద్వేగము సన్నగిల్లినది, నిర్ణయములు చెడిపోయినవి. పూర్వానుభవములు శరీరములో విడిచిన గుర్తులే, ఆలోచన ముగియకముందే మనలను హెచ్చరించునని డమాసియో వాదన. బుద్ధిని, హృదయమును విడదీయని బైబిలు దృక్పథమునకు ఇది దగ్గరగా ఉన్నది గనుక స్వాగతిస్తున్నాము.

అయితే దీనికి ఆధారముగా చూపబడిన అయోవా పేకముక్కల ప్రయోగమునకు హద్దులున్నవి. అందులో నాలుగు కట్టలు. రెండింటిలో లాభము పెద్దది, నష్టము ఇంకా పెద్దది. ఆరోగ్యవంతులు క్రమముగా వాటిని మానుకొందురు. వారు లోలోపలి సూచనతోనే మానుకొనిరన్న వాదనను 2004లో మైయా, మెక్‌క్లెలండ్ ప్రశ్నించిరి: ఆటగాళ్లకు అనుకొన్నదానికంటె ఎక్కువే తెలిసియున్నదని చూపిరి.

ఇక పులివెందుల చీనీ రైతును తలంచుదము. బోరు ఎండినది. మరొకటి వేయించవలెనా, తోటను వదలుకొనవలెనా? పేకలో నియమము మారదు, భూగర్భజలము మారును. కనుక నిన్న నీరు పడిన అనుభవము నేడు దారి తప్పించవచ్చును. ఆటలో పోయినది ఉత్తుత్తి సొమ్ము. ఇక్కడ ప్రొద్దుటూరులో కుదువకు వెళ్లునది ఇల్లాలి బంగారము. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో ఆపరేషనుకు ఒప్పుకొనుటలోను రోగితోపాటు కొడుకు, అన్నదమ్ములు, అప్పిచ్చువాడు కూడ ఉందురు. ఒంటరి మెదడును కొలిచిన ప్రయోగము ఈ పెనుగులాటను చూపలేదు.

మన సంఘములలో “నా మనస్సుకు సమాధానముగా ఉన్నది” అనుటను దైవచిత్తమునకు రుజువుగా చెప్పుట కలదు. ఈ గ్రంథము దానికి శాస్త్రీయ ముద్ర వేయుచున్నదని భావించరాదు. లోపలి సూచన ఒక్కటే చాలదని, దాని వెంట విచారణ జరుగవలెనని డమాసియోయే అంగీకరించెను. ఆశయు, అప్పుల భయమును, నలుగురిలో చిన్నబోవుదుమన్న సిగ్గును కూడ శరీరములోనే పలుకును. లూకా 14లో గోపురము కట్టదలచినవాడు మొదట లెక్క చూచుకొనవలసి యున్నది.

బోరు పాయింటు వద్ద ప్రార్థనకు పిలువబడిన కాపరి ముందుగా మూడు మాటలు అడుగవలెను: ఇప్పటికే అప్పు ఎంత? చుట్టుపట్ల ఎన్ని బోర్లు ఎండినవి? బంగారము ఎవరిది, ఆమె ఏమన్నది? ఆమె మాట వినకుండ చేసిన ప్రార్థన, ఇంటి పెద్ద కోరికకు ఆమేన్ చెప్పుటయే అగును.