ఫిల్కు పాటలూ, మన తీర్పులూ

కిందటేడు మా స్టడీ సర్కిల్లో ఒక విద్యార్థి తన ఫోనులో నాకు నాలుగైదు అమెరికన్ పాటలు వినిపించాడు. రాకెట్లమీదా, గ్రహాంతర యాత్రలమీదా, మంత్రతంత్రాల రాజ్యాలమీదా కట్టిన పాటలవి. "వీటి సంగతేమిటి మాస్టారూ?" అన్నాడు. "పలాయనవాదం" అన్నాను. యీ మాట మన నోటికి యెంత సులువుగా వస్తుందో, వచ్చాక ఆలోచించే శ్రమ యెంత తప్పుతుందో యీ పత్రిక చదివేవారికి తెలియనిది కాదు. కుర్రవాడు వాదించలేదు. పాటలు మాత్రం నాకు పంపి వెళ్లిపోయాడు. తర్వాత తీరిగ్గా విన్నాను. నా తీర్పులో సగం తప్పని ఒప్పుకోక తప్పడం లేదు. యే సగం తప్పు అన్నదే ప్రశ్న.

వీటిని ఫిల్కు పాటలంటారు. 1950ల తొలి రోజుల్లో లీ జేకబ్స్ అనే ఆయన శాస్త్రకల్పన ప్రభావంతో వచ్చిన జానపద గీతాలమీద ఒక వ్యాసం రాస్తూ, 'ఫోక్' అనబోయి 'ఫిల్క్' అని టైపు కొట్టాడు. వ్యాసం అప్పట్లో అచ్చుకు నోచుకోలేదు గాని, తప్పు మాత్రం బతికింది. 1953లో పోల్ ఏండర్సన్ రాసిన పాటను కేరెన్ ఏండర్సన్ ఆ పేరుతోనే అచ్చు వేసింది. శాస్త్రకల్పన అభిమానులు యేటా చేసుకునే సమావేశాల్లో, రాత్రి ఉపన్యాసాలన్నీ అయిన తర్వాత, హోటలు గదిలో గుండ్రంగా కూర్చుంటారు. వంతు వచ్చినవారు తామే పాడవచ్చు, మరొకరిని పాడమనవచ్చు, వంతు వదులుకోనూ వచ్చు. గొంతు బాగుండాలనే నియమం లేదు. చాలా పాటలకు వరస పాతది, మాట కొత్తది.

పాత వరసకు కొత్త మాట కట్టడం మనకు వింత కాదు. తెలంగాణా పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీని భూస్వామి మీదికి తిప్పాడు. అమెరికాలోనూ ఆ పని ముందు చేసినవారు కార్మికులే. ఐ.డబ్ల్యు.డబ్ల్యు. అనే కార్మిక సంఘానికి పాటలు కట్టిన జో హిల్, 1911లో ఒక చర్చి కీర్తన వరసను తీసుకుని, ఆకలిగొన్నవాడికి పైలోకంలో విందు వాగ్దానం చేసే ఫాదరీని యెగతాళి చేశాడు. 1915లో యూటా రాష్ట్ర ప్రభుత్వం అతన్ని కాల్చి చంపింది. వరస అందరికీ వచ్చినదే కాబట్టి పాట నేర్పవలసిన పని లేదు. సమ్మె శిబిరంలో మొదటిసారి విన్నవాడు రెండో చరణానికే గొంతు కలుపుతాడు. ఫిల్కు గదిలో జరిగేదీ యిదే. కనక వినేవాడు వేరు, పాడేవాడు వేరు అనే వ్యాపార విభజనకు యిక్కడ తావు తక్కువ. నా తీర్పులో తప్పిన సగం యిది. పాట యే లోకం గురించి అన్నది చూశాను గాని, యే గదిలో యెవరు పాడుతున్నారన్నది చూడలేదు.

పాటలో వున్నదేమిటన్న ప్రశ్న అంతటితో పోదు. జో హిల్ వెక్కిరించిన ఆకాశంలోకే రాకెట్టూ పోతుంది మరి.

1969 జూలై 20న మనిషి చంద్రుడిమీద దిగాడు. ఆ ఘటనమీద లెస్లీ ఫిష్ 1975లో కట్టిన 'హోప్ ఐరీ' ఫిల్కు పాటల్లోకల్లా పేరుపొందినవాటిలో ఒకటి. అన్నిటినీ అరగదీసే కాలం యీ ఒక్క అడుగును చెరపలేదన్నది దాని సారాంశం. నెమ్మదిగా యెత్తుకుని గంభీరంగా పైకి పోతుంది. వింటే నాకూ వొళ్లు జలదరించింది. దాచుకోవలసిన సంగతి కాదు.

ఆ రాకెట్టు లేచేముందురోజు, జూలై 15న, నీగ్రో ఉద్యమ నాయకుడు రాల్ఫ్ అబర్నాతీ పేద కుటుంబాలను వెంటబెట్టుకుని కంచరగాడిదల బండ్లతో కేప్ కెనడీకి వచ్చి, ఆకలి తీర్చడానికి లేని డబ్బు చంద్రుడికి యెక్కడిదని అడిగాడు. వ్యోమగాముల క్షేమానికి ప్రార్థిస్తామని కూడా అన్నాడు. మరుసటి యేడు గిల్ స్కాట్-హెరాన్ డప్పుల మోత మీద చెప్పిన 'వైటీ ఆన్ ది మూన్' రికార్డుగా వచ్చింది. చెల్లెల్ని యెలుక కరిచింది, డాక్టరుకు కట్టే డబ్బు లేదు, అద్దె పెరిగింది, అక్కడ తెల్లవాడు చంద్రుడిమీద వున్నాడు. యీ రెండు పాటల్లో నిజమేది? రెండూ నిజమే అనడం మర్యాదే గాని విమర్శ కాదు. రెండోదాంట్లో మొదటిదానికి చోటుంది: చంద్రుడిమీదికి పోవడం గొప్పే, అందుకే ఆ కోపం. మొదటిదాంట్లో రెండోదానికి చోటు లేదు. 'మనిషి' దిగాడంటుంది, యే మనిషో అడగదు.

లెస్లీ ఫిష్ ఐ.డబ్ల్యు.డబ్ల్యు. సభ్యురాలు. అరాచకవాదిని అని చెప్పుకున్న మనిషి. జో హిల్ వారసత్వం ఆమెకు నేర్పనక్కర లేదు. అటువంటి మనిషే కిప్లింగ్ పద్యాలకు వరసలు కట్టి, 1980లలో క్యాసెట్లు క్యాసెట్లుగా పాడింది. ఫిల్కు లోకంలో కిప్లింగ్‌కు వున్న గౌరవం చూస్తే భారతీయుడికి మింగుడు పడదు. బొంబాయిలో పుట్టి, మనల్ని తెల్లవాడు మోయవలసిన బరువుగా లెక్కగట్టినవాడు. జలియన్‌వాలాబాగ్ డయ్యరు కోసం పోగుచేసిన నిధికి చందా యిచ్చినవాడు. అతన్ని యీమె యెందుకు పాడింది? బారకాసుల్లో సిపాయి మాట్లాడే భాషను పద్యంలోకి తెచ్చాడు, పాడుకోవడానికి వీలుగా రాశాడు, ఆ పనితనం నిజం. కాని కారణం అంతే కాదనుకుంటాను. 1912లో అచ్చయిన 'యాజ్ ఈజీ యాజ్ ఎ.బి.సి.' అనే శాస్త్రకల్పనలో కిప్లింగ్ లోకాన్ని విమానరాకపోకల బోర్డు చేతిలో పెట్టాడు. అక్కడ జనం గుమికూడడమే అసహ్యం; వోట్లడిగే వాళ్లు వెర్రివాళ్లు. దానికి జతపరచిన పాటలో రాజ్యాన్నీ, ప్రజల యిచ్ఛనూ ఒకే గాటన కట్టి తిట్టాడు. రాజ్యమంటే గిట్టని అరాచకవాదికి సగం పాట తియ్యగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. మిగతా సగం మన నెత్తిన పడుతుంది.

రికార్డింగు సంగతి. మొదట గదిలో యెవరో టేపు పెట్టుకునేవారు, ఒకరినుంచి ఒకరు కాపీ చేసుకునేవారు. 1980లలో కాలిఫోర్నియాలో ఆఫ్ సెంటార్ అనే చిన్న సంస్థ పద్ధతిగా క్యాసెట్లు తీసింది. అంతరిక్ష గీతాల సంపుటం 'మైనస్ టెన్ అండ్ కౌంటింగ్' 1983లో వచ్చింది. పాటలు దక్కాయి. బాగా పాడేవాళ్లకు పేరొచ్చింది. పేరొచ్చినచోట వంతు తగ్గుతుంది. జోర్డిన్ కేర్ 'ఫైర్ ఇన్ ది స్కై' దూరం పోయిన పాట. 2003లో కొలంబియా నౌక కూలినరోజున బజ్ ఆల్డ్రిన్ టెలివిజన్లో దాని చరణాలు చదువుతూ గొంతు పూడిపోయాడు. కేర్ ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుడు. అణ్వాయుధాల రూపకల్పన జరిగే లివర్‌మోర్ ప్రయోగశాలలో పనిచేసినవాడు. ఆ దుఃఖం కృత్రిమమని నేననను. అది ఆ పనివాళ్ల దుఃఖమే. వాళ్లు చేసిన పనులన్నిటిమీదా అటువంటి పాటలు వచ్చాయా అని మాత్రం అడుగుతాను.

యిదంతా మా కుర్రవాడికి చెప్పాను. అతను మాట్లాడకుండా విని, వారం తర్వాత తనే ఒక పాట కట్టుకొచ్చాడు. వరస వాళ్ల అమ్మమ్మ నాట్లేసేటప్పుడు పాడేది. కథ అంగారకానికి పోయే నౌకది. రెండు చరణాలు విన్నాక, "ఆ నౌకలో అంట్లు యెవరు తోముతారోయ్?" అన్నాను. నవ్వాడు గాని జవాబు చెప్పలేదు. మొన్న మళ్లీ వచ్చాడు. యిప్పుడు మూడో చరణం వుంది, నలుగురినీ కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేశాడు. పల్లవి దగ్గర శ్రుతి తప్పిన గొంతు ఒకటి వినిపిస్తుంది. అది నాదే. తీసెయ్యమంటే ఒప్పుకోలేదు.