ఎస్టిమేటు లేని రిపోర్టు

పి.గన్నవరం దగ్గర వైనతేయ ఒడ్డున నిలబడితే రెండు అక్విడెక్టులు పక్కపక్కన కనిపిస్తాయి. ఒకటి 2000లో వచ్చిన కొత్తది. రెండోది 49 కమానుల పాతది. కింద గోదావరి, పైన కాలువలోనూ గోదావరే. 1850ల మొదట్లో హేగ్ అనే కుర్ర లెఫ్టినెంటు, వీణెం వీరన్నగారి లాంటివాళ్ళ సాయంతో, మళ్ళీ వరద తగిలేలోపు ఒక్క సీజనులో దీన్ని లేపాడని చెబుతారు. నగరం లంకకి, అంటే ఇవాళ్టి రాజోలు వైపు ఊళ్ళకి, కాలువ నీరు అందింది దీనివల్లే. ఈ కమానుల్ని చూసినవాళ్ళందరికీ కాటన్ దొర గుర్తొస్తాడు. నాకు మాత్రం ఒక గవర్నమెంటు నివేదిక గుర్తొస్తుంది.

గడ్డురోజుల్లో కమిటీలు, కమిషన్లు ఎందుకన్న మాట మన దగ్గర పాతదే. ఖజానా ఖాళీ, జీతాలకే అప్పు తెస్తున్నారు, ఇలాంటప్పుడు రిటైరైన పెద్దమనుషులకి కారూ ఆఫీసూ స్టెనో ఇచ్చి విచారణ జరిపించడం దండగ కాదా అంటారు. నేనూ అన్నవాడినే. అయితే కోనసీమలో పుట్టినవాడికి ఆ మాట అనే హక్కు కాస్త తక్కువ. ఈ సీమకి ఈ పచ్చదనం వచ్చిందే ఓ గడ్డుకాలపు విచారణ పుణ్యాన. మరి ఇదే సీమ మీద 2011లో ఇంకో కమిటీ వేశారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని చాలాకాలంగా ఉంది.

మొదటిది 1844 నాటిది. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో 7,38,308 మంది ఉంటే, 1841కి 5,61,041 మందే మిగిలారు. ఇరవై ఏళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరు దాదాపుగా లెక్కలోంచి పోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊరొదిలి పోయారు. 1832-33 నందన కరువు, 1839లో కోరంగిని ముంచేసిన ఉప్పెన, మధ్యలో చితికిపోయిన జమీందారీలు, నీళ్ళు లేని ఏడాది ఎండ, నీళ్ళొచ్చిన ఏడాది వరద. కుంపిణీ వాళ్ళకి జాలి కలిగి మనిషిని పంపలేదు. శిస్తు పడిపోయింది కాబట్టి పంపారు. అలా వచ్చినవాడు సర్ హెన్రీ మాంట్‌గొమరీ. జిల్లా తిరిగి చూసి 1844లో నివేదిక ఇచ్చాడు. నీటి పారుదల లేకుండా ఈ జిల్లా కోలుకోదన్నది దాని సారం. ఆ పనిని పరిశీలించే బాధ్యత ఆర్థర్ కాటన్ మీద పడింది.

కాటన్ 1845 రిపోర్టు నన్ను ఆకట్టుకునేది అందులోని బాధ వల్ల కాదు. బాధ మాంట్‌గొమరీ దగ్గరే సరిపడా ఉంది. కాటన్ దగ్గర కొలతలున్నాయి. ధవళేశ్వరం దగ్గర ఏటి వెడల్పు ఎంత, లంకలు ఎక్కడెక్కడ, రాయి పక్కనున్న గుట్టలోనే దొరుకుతుంది కాబట్టి తోలుబడి ఎంత తగ్గుతుంది, ఆనకట్టకి అయ్యేది అయిదు లక్షల రూపాయల లోపు, తిరిగి శిస్తు రూపంలో వచ్చేది ఎంత. లండన్‌లో కూర్చున్న డైరెక్టర్లకి గోదావరి ఎలా ఉంటుందో తెలియదు. రూపాయి పెడితే ఎన్ని అణాలు తిరిగొస్తాయో మాత్రం తెలుసు. వాళ్ళ భాషలోనే రాశాడు. 1846లో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది, 1852కి ఆనకట్ట పూర్తయింది. అంచనా మించి ఖర్చయింది, అది వేరే సంగతి. అంచనా అంటూ ఒకటి ఉండబట్టే మించిందని మనకి తెలిసింది.

ఇందులో కాటన్‌కి దండ వేయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. మా వైపు పెద్దలు స్నాన సంకల్పంలో కూడా ఆయన పేరు చెప్పుకునేవారట. కాకపోతే ఆ రిపోర్టులో రైతు అంటే శిస్తు కట్టేవాడే. అతని ఇల్లు, అప్పు, కడుపు అందులోకి రావు. దాని బలమూ లోపమూ ఒకచోటే ఉన్నాయి: ఒకే పని అడిగింది, ఒకే జేబు నుంచి అడిగింది.

ఇక రెండోది. 2011 సార్వా. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 1,080 రూపాయలు. మా లెక్క డెబ్బై అయిదు కిలోల బస్తా కాబట్టి, బస్తాకి 810. అది కూడా తేమ ఉందనీ తాలు ఉందనీ కోత పడకపోతే. ఊడ్పు కూలీ, కోత కూలీ, ఎరువు, కౌలు కట్టాక మిగిలేది గడ్డి. అంతకుముందు వరసగా కోతల వేళకి వానలూ తుపానులూ పట్టుకుని పనలు మడిలోనే మొలకలెత్తాయి. నీరు దిగడానికి మురుగు డ్రెయిన్లు పూడిపోయి ఉన్నాయి. రైతులు ఊరూరా సమావేశాలు పెట్టుకుని నాట్లు మానేశారు. లక్ష ఎకరాలకి కాస్త అటూ ఇటూగా మళ్ళు బీడు పడ్డాయి. పంట విరామం అన్నారు, అందరి నోటా క్రాప్ హాలిడేగా నిలిచింది. అన్నపూర్ణ లాంటి సీమలో చేను ఖాళీగా ఉండటం దేశానికి వింత వార్త అయింది. కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది.

ఆ కమిటీ చెప్పినవాటిలో తప్పు పట్టాల్సింది తక్కువ. రైతులు చెప్పుకున్న కష్టం నిజమేనని ఒప్పుకుంది. సాగు ఖర్చుకి తగ్గట్టు మద్దతు ధర పెరగాలి, కాలువలకి నీరు ముందుగా వదలాలి, డ్రెయిన్లు బాగుచెయ్యాలి, ఉపాధి హామీ పనులు పొలం పనులకి అడ్డు రాకుండా చూడాలి, కౌలు రైతుకి బ్యాంకు అప్పు అందాలి, యంత్రాలు రావాలి. ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా వినపడే మాటలే. రచ్చబండ మాట సర్కారు కాగితం ఎక్కడం చిన్న విషయం కాదని కూడా ఒప్పుకోవాలి.

ఆ రోజుల గురించి ఓ కౌలు రైతుని ఆమధ్య అడిగాను. ఉప్పలగుప్తం వైపు మనిషి, అరవై దాటి ఉంటాడు. "కమిటీలకి బోలెడు ఖర్చంటారు కదా బాబాయ్, మీకేమన్నా ఒరిగిందా?" అన్నాను. ఆయన తలపాగా విప్పి దులుపుకుంటూ నవ్వాడు. "ఎవరొచ్చినా మాకయ్యే ఖర్చు బొండాలేనండి, ఆయ్. గెల దింపి కొట్టిచ్చాం. తాగారు, రాసుకున్నారు, ఎల్లారు. మంచోళ్ళేనండి, కాదంటానికి లేదు. మేం చెప్పిందే రాసుకున్నారు. మేం చెప్పింది మాకు తెలుసు కదండీ మరి."

ఆ చివరి వాక్యం కంటే పదునైన విమర్శ ఆ నివేదిక మీద నేనెక్కడా చదవలేదు. రైతుకి తెలిసింది రైతుకే తిరిగి చెప్పడం విచారణలో సగం పని. మిగతా సగం, తెలియనిది తేల్చడం: ఏ డ్రెయిన్‌లో ఎన్ని క్యూబిక్ మీటర్ల పూడిక, మొగ దగ్గర ఇసుక మేట ఎంత, తియ్యడానికి ఎన్ని రోజులు, ఎవరి పద్దు, తియ్యకపోతే ఎవరు జవాబు చెప్పాలి. కాటన్ రిపోర్టు ఆ సగంతోనే మొదలైంది. 2011 సిఫారసులు ఆ సగం దగ్గరికి వచ్చేసరికి చెదిరిపోయాయి. మద్దతు ధర ఢిల్లీది, ఉపాధి హామీ చట్టం ఢిల్లీది, డ్రెయిన్లు ఇరిగేషన్ వాళ్ళవి, అప్పు బ్యాంకులది. ఒక్కో సిఫారసు ఒక్కో గుమ్మం దగ్గర ఆగింది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికి చోటు లేదన్నట్టు అయింది.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎందుకో ఎవరూ గట్టిగా మాట్లాడరు. నీరు ముందుగా వదలమన్నది మంచి సలహా. జూన్ మొదట్లో నీరొస్తే ఊడ్పులు ముందుగా అయి, తుపానులు ముదిరేలోగా కోత దక్కుతుంది. డ్రెయిన్ల పూడిక తియ్యమన్నదీ మంచి సలహాయే. అయితే కాలువలు కట్టేసి, మురుగు తగ్గి, యంత్రం దిగడానికి వీలుండేది దాళ్వా అయిపోయిన దగ్గర్నుంచి నీరు వదిలేదాకానే. మహా అయితే నెలన్నర. రెండు సలహాలూ ఆ నెలన్నర మీదే పడ్డాయి. నీరు ముందుకి జరిపితే పనికి రోజులు తగ్గుతాయి. పని జరగాలంటే నీరు వెనక్కి పోవాలి. ఈ పీటముడి విప్పడానికి కావలసింది క్యాలెండరు పట్టుకుని కూర్చునే ఇంజనీరు, టెండర్లు జనవరిలోనే ముగించే ఆఫీసు. అంటే ఇంకొంచెం ఖర్చు, ఇంకొంచెం లోతైన విచారణ. చవగ్గా ముగించినచోట మనం పోగొట్టుకున్నది అదే.

2022లో గోదావరి డెల్టాకి జూన్ 1నే నీరు వదిలారు. పదకొండేళ్ళ తర్వాత ఒక సిఫారసు నెరవేరింది. అదే జూన్‌లో కోనసీమ మండలాల్లో రైతులు మళ్ళీ క్రాప్ హాలిడే అన్నారు. ధాన్యం డబ్బులు సమయానికి రాలేదనీ, డ్రెయిన్లు అలాగే ఉన్నాయనీ. మద్దతు ధర అప్పటికి 2,040, మా బస్తాకి 1,530. ధర రెట్టింపుకి దగ్గరైంది, కష్టాల జాబితా మాత్రం పాతదే.

ఇదంతా వ్యవసాయం సంగతి. ప్రాణాలు పోయినచోట లెక్క ఇంకోలా ఉంటుంది. హేగ్ నీళ్ళు పట్టుకెళ్ళిన ఆ నగరంలోనే 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్ళు మొత్తుకున్నారు. పెట్రోలియం శాఖ వేసిన విచారణ పెద్ద ఆర్భాటం లేకుండా అసలు సంగతి పట్టుకుంది: పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరు, ద్రవాలు కలిసిన గ్యాస్ పంపారు, లోపలినుంచి తుప్పు తినేసింది. ఆ మరుసటి ఏడాది, 2015 జూలై 14న, రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది పోయారు. దానిమీద జస్టిస్ సోమయాజులు కమిషన్‌ని వేశారు. గడువులు పొడిగిస్తూ పోయి 2018లో నివేదిక శాసనసభకి చేరింది. ముహూర్తం మీద జరిగిన ప్రచారం, ఒకే ఘాట్‌కి జనం ఎగబడటం, వీటిమీదే ఎక్కువ బరువు పడింది. పైపు విచారణ తుప్పుని చూపించింది, ఘాట్ విచారణ జనాన్ని చూపించింది. తుప్పుని మార్చొచ్చు. జనాన్ని ఏం చేస్తారు?

అలాగని ఆ మూడేళ్ళ ఖర్చు దండగ అని ఇప్పుడే కొట్టిపారెయ్యను. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వచ్చే నివేదిక ఎవరికీ శిక్ష వెయ్యలేదు, సలహా మాత్రమే ఇవ్వగలదు. దాని విలువ తేలేది మళ్ళీ పుష్కరాలొచ్చినప్పుడు. 2027లో కోటిపల్లి రేవులో, అప్పనపల్లిలో, అంతర్వేదిలో బారికేడ్లు ఎక్కడ వేస్తారో, ఒక ఘాట్‌లోకి ఎంతమందిని వదులుతారో చూడాలి. ఆ కాగితంలోంచి ఒక్క బారికేడు సరైన చోటికి వచ్చినా ఆ డబ్బు చవకే.

చవక విచారణ ఎంత ఖరీదు పడుతుందో చూడాలంటే ఉత్తర ఐర్లండ్ వెళ్ళాలి. 1972 జనవరి 30న డెర్రీలో బ్రిటిష్ సైన్యం కాల్పుల్లో 13 మంది చనిపోయారు. విడ్జరీ అనే న్యాయమూర్తి మూడు నెలల్లోపే విచారణ ముగించి సైన్యాన్ని దాదాపు ఒడ్డున పడేశాడు. ఎవరూ నమ్మలేదు. పాతికేళ్ళ తర్వాత 1998లో శావిల్ విచారణ మొదలుపెట్టాల్సి వచ్చింది. అది పన్నెండేళ్ళు సాగి దాదాపు 19 కోట్ల పౌండ్లు మింగింది. మాంద్యం దెబ్బ ఇంకా తగ్గకముందే, 2010లో, నివేదిక వచ్చింది. ఇలాంటి ఖర్చు మళ్ళీ పెట్టలేమన్న ప్రధాని కామెరాన్‌ అదే రోజు పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ 19 కోట్లలో ఎంత భాగం శావిల్ పద్దులో రాయాలి, ఎంత విడ్జరీ పద్దులో రాయాలి? నన్నడిగితే చాలావరకు రెండోవాడిదే.

మళ్ళీ ఉప్పలగుప్తం బాబాయ్ దగ్గరికి వస్తే, ఆ కౌలు రైతు ఆ రోజు నన్ను డ్రెయిన్ గట్టు మీదికి తీసుకెళ్ళాడు. గుర్రపుడెక్క ఎంత దట్టంగా అల్లుకుందంటే దానిమీద కొంగలు నడుస్తున్నాయి. నీరు ఎటు పారుతోందో తెలియలేదు. అసలు పారుతోందో లేదో కూడా. తూము కానా మీద నల్లటి గీత చూపించాడు. కిందటి వానలకి మురుగు అక్కడిదాకా నిలబడిందట. పోటు వేళ సముద్రం నీటిని వెనక్కి తోస్తుంది, పాటుకి దిగాల్సిన నీటికి దారి లేదు.

"ఇక్కడ్నుంచి ఆ తాటిచెట్టు దాకా తీస్తే మా నూటేభై ఎకరాలు తేల్తాయండి" అన్నాడు. చేతికర్రతో గట్టు మట్టిమీద గీసి చూపించాడు. పొక్లెయిను నాలుగు రోజులు. డెక్క లాగడానికి ఆరుగురు మనుషులు, రెండు దినాలు. తీసిన బురద పోసుకోవడానికి ఫలానావాళ్ళ పోరంబోకు, వాళ్ళని ఒప్పించే పూచీ తనది. డీజిలు ఎంతవుతుందో వేళ్ళమీద లెక్కపెట్టి, "ఈ నెలాఖరు దాటితే మాత్రం మిషను దిగదండి, నీరొచ్చేస్తాది" అన్నాడు.

కమిటీవాళ్ళకి ఈ లెక్క చెప్పావా అని అడిగాను.

"వాళ్ళు కష్టాలడిగారండి, ఆయ్. కష్టాలు చెప్పాం. లెక్క అడగలేదు."