గుట్ట దిగిపోతున్న సీతాఫలమా!

ఎర్రచల్క తల్లి కడుపున పడి, బండసందుల్లో పాలు దాచుకున్న పండా, బాలానగర్ సీతాఫలమా! నిన్ను తలుచుకుంటే నోరూరాల్సింది పోయి కన్ను చెమర్చుతోంది.

హైదరాబాదు వాళ్లకు బాలానగర్ అంటే ఫ్యాక్టరీల బాలానగరే. కాదు, నేననేది పాలమూరు బాలానగర్. షాద్‌నగర్ దాటాక, జడ్చర్ల చేరేలోపు, బెంగళూరు రోడ్డు మీద తగిలే ఊరు. ఉద్యానశాస్త్ర పుస్తకం ఏది తిరగేసినా సీతాఫలం రకాల్లో ఆ ఊరి పేరు ఉంటుంది. తన పేరు పండుకిచ్చిన ఊరు ఆ పండునే పోగొట్టుకుంటోంది.

ఏడు సముద్రాల అవతల, అమెరికా ఉష్ణసీమల్లో పుట్టి, పోర్చుగీసు ఓడలెక్కి వచ్చినదానివంటారు. మా గుట్టలు నిన్ను పరాయిదానివనలేదు. సీతమ్మ పేరు పెట్టి సాకాయి. నువ్వు బావి అడగలేదు, బోరు అడగలేదు, పిడికెడు ఎరువడగలేదు. మేక నీ ఆకు ముట్టదు, గొడ్డు నీ కొమ్మ కొరకదు. ఎండలన్నాళ్లూ ఆకు రాల్చి మోడై తపస్సు చేసి, వాన వాసన తగలగానే ఒళ్లంతా చిగురించేదానివి. ఆ చిగురు చాటున దళసరి రేకల పూవు తలవంచుకుని వేలాడేది. రంగు లేదు, సింగారం లేదు, తేనెటీగ తిరిగి చూడదు. చిన్న పెంకుపురుగొకటి వచ్చి రేకల్లోకి దూరేది. నీ పూవు ముందు ఆడదై విచ్చుకుంటుంది, తర్వాత మగదై పుప్పొడి రాలుస్తుంది. ఆ రెండు వేళలకూ పొత్తు కుదిర్చే పెండ్లిపెద్ద ఆ పురుగే. అది రాని పూవు నేల రాలుతుంది. వాన రాని ఏడు కాయ కొమ్మ మీదే నల్లబడి రాయవుతుంది.

దసరా దగ్గరపడితే కాయ కండ్లు తెరుస్తుంది. కన్నుకూ కన్నుకూ నడుమ పచ్చదనం పలచబడి మీగడరంగు గీతలు తేలతాయి. ఆ గీత తెలిసిన చెయ్యే కోయాలి. తండా ఆడవాళ్లు తెల్లారకముందే గుట్టెక్కి, పొద్దెక్కేసరికి గంపలతో రోడ్డు పక్కన కూర్చునేవాళ్లు. బొంబాయికో, ఎక్కడి ఆనకట్ట పనికో కొడుకులు వలసపోయిన ఇండ్లల్లో ముసలమ్మకు పండుగ చీర పెట్టింది నీ గంపే. ఇంటికొచ్చిన నాలుగు కాయలూ వడ్లల్లోనో గడ్డిలోనో మాగేవి. వేళ్లతో మెల్లగా నొక్కితే చాలు, పండు తనంత తానే విడిపోయి, నల్లగింజల్ని చుట్టుకున్న తెల్లని గుజ్జు నోటికందేది. తొక్క దగ్గర నాలుకకు తగిలే ఆ సన్నని పలుకే నీ గుర్తు. మాగాక రెండు మూడు రోజులైనా ఆగవు. నీ సొగసదే, నీ శాపమూ అదే.

ఇప్పుడు సోలాపూర్ సీమ నుంచి ఎన్.ఎం.కె. గోల్డెన్ వచ్చింది, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ నుంచి అర్క సహన్ వచ్చింది. కాయ పెద్దది, గింజ తక్కువ, నిలవ ఎక్కువ. వాటిని ఆడిపోసుకోను, రైతు బతకాలి కదా. నా ఏడుపంతా గుట్ట కోసం. జేసీబీ చదును చేసి, వెంచర్ హద్దురాళ్లు పాతిన చోట నువ్వు మొలవవు. నర్సరీ సంచిలో నీ అంటు బతుకుతుంది, నీ పేరూ బతుకుతుంది. కానీ అంటన్నది ఒక్క చెట్టుకు నకలు. గుట్ట మీద గింజమొలకల్లో ఒకటి గుజ్జుమెండు, ఒకటి గింజపెద్ద, ఒకటి దసరాకే పండితే ఇంకొకటి దీపావళి దాటాక. అన్ని తల్లుల్ని చంపుకున్నాక ఏ పరిశోధనశాల వాటిని మళ్లీ కంటుంది? రాచకొండ గుట్టల్లో నీ చుట్టాలింకా ఉన్నారు. వాళ్లనైనా ఉండనిస్తే బాగుండు.

చదివినవారికొక మాట. ఈసారి రోడ్డు పక్క గంపలో మంచి పండు దొరికితే గింజలు పారేయకండి. కడిగి నీడన ఆరబెట్టి దాచండి. నలిగిన గింజ పొడి కంట్లో పడితే ప్రమాదం, పిల్లలకు అందనీయకండి. తొలకరి వేళ ఒక రాత్రి నానేసి, పెరట్లోనో పొలం గట్టు మీదో పెట్టండి. 3, 4 ఏండ్లలో కాపుకొస్తుంది.